అమ్మ పారేసిందట!

కిందటి నెలలో ఒక ఆదివారం పొద్దున ఇడ్లీల దగ్గర మొదలైంది ఈ గొడవ. మా ఆయనకి ఒక చేతిలో ఇడ్లీ, ఇంకో చేతిలో ఫోను. ఉన్నట్టుండి తలెత్తి వాళ్ళమ్మని అడిగారు: "అమ్మా, నా చిన్నప్పటి వీడియో గేమ్ ఏం చేశావు?"

మా అత్తగారు గుంటూరు నుంచి వచ్చి అప్పటికి రెండు నెలలైంది. ముందు ఆవిడకి అదేంటో గుర్తు రాలేదు. కాసేపు ఆలోచించి, "అదా! నువ్వు ఇంజనీరింగుకి హాస్టల్‌కి వెళ్ళాక అటక దులిపించాను. అప్పుడు కనబడితే, పాత ప్లాస్టిక్ సామాన్లకి ఉల్లిపాయలిచ్చే బండివాడికి వేసేశాను. రెండు కిలోలిచ్చాడు" అన్నారు.

మా ఆయన ఫోను ఆవిడ ముందు పెట్టారు. "ఇదిగో, దీని రేటు చూడు. 15 లక్షల 60 వేల డాలర్లు. రూపాయల్లో పదకొండు కోట్ల పైమాట. నువ్వేమో రెండు కిలోల ఉల్లిపాయలకి ఇచ్చేశావు."

నవ్వుతూనే అన్నారు లెండి. మా వాడు కూడా, "నానమ్మా, నువ్వు పదకొండు కోట్లు పారేశావ్!" అని ఎగిరాడు. అందరూ నవ్వారు, అత్తగారు తప్ప. రాత్రి నేను గిన్నెలు సర్దుతుంటే వంటింట్లోకి వచ్చి నిలబడ్డారు. "అమ్మాయ్, నిజంగానే అంత డబ్బు వచ్చేదా? పోనీ కోట్లు కాకపోయినా, ఒక లక్ష అయినా వచ్చేదా?" అని మెల్లిగా అడిగారు. జీవితమంతా పది రూపాయలు వృథా చెయ్యకుండా సంసారం లాక్కొచ్చిన మనిషి ఆవిడ. డెబ్బై ఏళ్ళ వయసులో ఆవిడని నిద్ర లేకుండా చేసింది ఒక ప్లాస్టిక్ పెట్టె.

ఆ రాత్రి నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత కూర్చుని చదివాను. చదివేకొద్దీ నాకు కోపం వచ్చింది, మా అత్తగారి మీద మాత్రం కాదు. ఎవరి మీదో ఇప్పుడు చెబుతాను.

ముందు మా ఆయన లెక్క సరిచేయాలి. ఆయన దగ్గర ఉన్నది అసలు నింటెండోయే కాదు. జపాన్‌లో 1983లో నింటెండో వాళ్ళు ఫ్యామికామ్ అని ఒక ఆట పెట్టె తెచ్చారు. అదే 1985లో అమెరికాకి వేరే రూపంలో, ఎన్‌ఈఎస్ అనే పేరుతో వచ్చింది. 90ల్లో మన ఊళ్ళలో దొరికినవి చాలావరకు ఆ ఫ్యామికామ్‌ని చూసి చేసిన నకళ్ళు. గుర్తుందా, పసుపుపచ్చ క్యాసెట్? దాని మీద 9999999 ఇన్ 1 అని ఉండేది. లోపల చూస్తే పట్టుమని పాతిక ఆటలుండవు, అవే పేర్లు మార్చి మళ్ళీ మళ్ళీ వచ్చేవి. మారియో, కాంట్రా, బాతుల్ని కాల్చే తుపాకీ ఆట. మా అత్తగారు చీటీ పాడిన డబ్బులో కొంత తీసి, మామగారికి సగం ధరే చెప్పి కొన్నారట అది. అలాంటి నకలుకి ఇప్పుడు కోట్లు కాదు కదా, చెప్పుకోదగ్గ ధర కూడా రాదు. పైగా ఐదేళ్ళు ఆడి, మీటలు అరగదీసి, వైరుకి టేపు చుట్టిన పెట్టె అది. రెండు కిలోల ఉల్లిపాయలంటే బండివాడే నష్టపోయి ఉంటాడు.

ఇంతటితో ఆపేసి అత్తగారికి ధైర్యం చెప్పేయొచ్చు. కానీ అసలు నింటెండోనే ఉన్న అమెరికా ఇళ్ళలో కూడా ఇదే మాట వినబడుతోంది. "మా అమ్మ పారేసింది." పాత ఆటల రేట్ల గురించి ఎక్కడ నలుగురు మగాళ్ళు మాట్లాడుకున్నా చివరికి దోషి అమ్మే. అందుకని ఆ కోట్ల సంగతేంటో కూడా చూద్దాం.

ఆ 15.6 లక్షల డాలర్ల ఆట సూపర్ మారియో 64. 1996లో వచ్చింది. 2021 జులైలో వేలంలో ఆ ధర పలికింది. వేలం వేసిన హెరిటేజ్ సంస్థ ఉండేది మా డల్లాస్‌లోనే. అంతకు రెండు రోజుల ముందే అక్కడే జెల్డా ఆట ఒకటి 8 లక్షల 70 వేలకి పోయింది. ఇంకా వెనక్కి వెళ్తే, మనందరికీ తెలిసిన సూపర్ మారియో బ్రదర్స్ పెట్టె ఒకటి 2019లో లక్షా 150 డాలర్లకి అమ్ముడైంది. అదే ఆట ఇంకో పెట్టె 2020లో లక్షా 14 వేలు. 2021 ఏప్రిల్‌లో మరొకటి 6 లక్షల 60 వేలు. ఆగస్టుకి మరొకటి ఏకంగా 20 లక్షలు. రెండున్నరేళ్ళలో ఇరవై రెట్లు!

అంత అరుదైన వస్తువా అంటే, కానే కాదు. సూపర్ మారియో బ్రదర్స్ ప్రపంచమంతా 4 కోట్లకి పైగా అమ్ముడైంది. మారియో 64 కోటికి పైగా అమ్ముడైంది. ఆడేసిన మారియో 64 క్యాసెట్ ఇవాళ్టికీ పదుల డాలర్లలో దొరుకుతుంది. మరి ఆ ఒక్క పెట్టెలో ఏముంది? అదే ఆట ఉంది. దాని మీద చుట్టిన ప్లాస్టిక్ కాగితం చిరగలేదు, అంతే. కోట్లు పలికింది ఆ కాగితానికి.

దానికో పద్ధతి కూడా ఉంది. సీలు తియ్యని ఆటని ఒక కంపెనీకి పంపిస్తే, వాళ్ళు అట్ట మూలలు నలిగాయా, ప్లాస్టిక్ మీద గీతలున్నాయా చూసి పదికి ఇన్ని అని మార్కులేస్తారు. సీలుకి విడిగా ఏ ప్లస్, ఏ ప్లస్ ప్లస్ అని గ్రేడు. తర్వాత గట్టి పారదర్శకమైన పెట్టెలో పెట్టి మూసేస్తారు. ఆ మారియో 64కి 9.8 వచ్చింది. మన పిల్లలకి పదో తరగతిలో 9.8 వస్తే ఫ్లెక్సీ కట్టించేవాళ్ళం, ఇక్కడ ఎవరూ చదవని, ఆడని అట్టపెట్టెకి వచ్చింది. మార్కులేసే కంపెనీ పేరు వాటా. ఒట్టు, నేను పెట్టిన పేరు కాదు. వేలం సంస్థకి కొన్నవాళ్ళు అప్పుడు పాట మీద నూటికి 20 అదనంగా కట్టాల్సి వచ్చేది. 15.6 లక్షల్లో పాట 13 లక్షలే, మిగతా 2 లక్షల 60 వేలు ఆ అదనం. రేటు పెరిగితే ఎవరికి పండగో ఇక నేను చెప్పక్కర్లేదు.

2019లో ఆ లక్షా 150 డాలర్ల పెట్టెని కొన్న ముగ్గురిలో ఒకరు ఆ వేలం సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరే. ఇది దాచిన విషయం కాదు, అప్పట్లోనే పత్రికల్లో వచ్చింది. రేట్లు కావాలని పెంచారని 2021లో ఆరోపణలొచ్చాయి, 2022లో మార్కుల కంపెనీ మీద కాలిఫోర్నియాలో దావా పడింది. మేం తప్పేం చెయ్యలేదని వాళ్ళన్నారు. న్యాయాన్యాయాలు కోర్టులు చూసుకుంటాయి. నా అభ్యంతరం వేరే. అంతా చట్టప్రకారమే జరిగిందనుకున్నా, ఇందులో దేనికి వెల కడుతున్నారో చూడండి.

6 లక్షల 60 వేలకి పోయిన మారియో కథ ఉంది. 1986లో ఎవరో క్రిస్మస్ కానుకగా కొన్నారు. బల్ల సొరుగులో పెట్టి మర్చిపోయారు. 35 ఏళ్ళు అది ఆ సొరుగులోనే ఉంది. ఇంకొకటి, నెవాడాలోని రీనో ఊళ్ళో 2019లో అటక మీద దొరికింది, కిడ్ ఇకారస్ అనే ఆట. సంచీలో రసీదు కూడా ఉంది: 1988 డిసెంబరు, 38 డాలర్ల 45 సెంట్లు. పండక్కని వాళ్ళమ్మ కొని, దాచి, ఇవ్వడం మర్చిపోయి ఉంటుందని వాళ్ళ ఊహ. వేలంలో 9 వేల డాలర్లు వచ్చింది.

నాకు ఈ రెండు కథలు చదివితే సంతోషం కలగలేదు. పండగ రోజు ఆ పిల్లలకి అందాల్సిన ఆట అందలేదు. అందని ఆటకి లక్షలు. అందిన ఆటకి, అంటే చెట్టు కింద కాగితం చింపి, కేకలు పెట్టి, తమ్ముడితో కొట్టుకుని, సెలవులన్నీ ఆడినదానికి పది ఇరవై డాలర్లు. ఈ బజారు లెక్క ప్రకారం మంచి అమ్మ ఎవరంటే పిల్లాడికి కొన్నది పిల్లాడికి ఇవ్వని అమ్మ!

మనకి ఇది కొత్త కాదు. బీరువాలో కట్టకుండా దాచిన పట్టుచీరలు మనందరికీ ఉన్నాయి. మంచి రోజు వస్తుంది, అప్పుడు కడదామని. తీరా చూస్తే మడతల దగ్గర చీర చిరిగి ఉంటుంది. అప్పుడు బాధపడతాం, కట్టుకున్నా బాగుండేది అని. ఆ చీర మడత విప్పలేదు కాబట్టి పది రెట్లు ఇస్తానని ఎవరైనా వస్తే పిచ్చివాడనుకుంటాం. ఆటల దగ్గరికొచ్చేసరికి అతన్ని ఇన్వెస్టర్ అంటున్నారు.

"ఎవరి డబ్బు వాళ్ళిష్టం, నీకేంటి నష్టం?" అన్నారు మా ఆయన. నష్టం మా ఇంటిదాకా వచ్చింది కాబట్టే రాస్తున్నాను. అమరావతి చుట్టుపక్కల ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. ఊళ్ళో ఒక స్థలం ఫలానా రేటుకి పోయిందని పేపర్లో వస్తే, మర్నాడు పుట్ట ఉన్న మూల గజం కూడా అదే రేటు చెబుతుంది. ఇక్కడా అంతే. 2020లో అందరూ ఇళ్ళలో కూర్చుని పాత ఆటలు వెతుక్కోవడంతో ఎలాగూ రేట్లు పెరుగుతున్నాయి. పైనుంచి ఈ వేలం వార్తలు. గరాజ్ సేల్‌లో రెండు డాలర్లకి ఇచ్చేసే పెద్దావిడ కూడా ఇప్పుడు, "ఉండమ్మా, మా అబ్బాయి ఫోన్లో రేటు చూసి చెబుతాడు" అంటోంది. పాత సామాన్ల దుకాణాల్లో బుట్టలో పడుండే క్యాసెట్లు అద్దాల బీరువాలోకి వెళ్ళాయి, లేదా ఆన్‌లైన్ వేలంలోకి.

మా వాడికి పదకొండేళ్ళు. మా ఆయన ఆఫీసులో ఒకాయన తన పాత డీఎస్ ఇచ్చారు వాడికి. దాంట్లో అంతకుముందు తరం గేమ్‌బాయ్ క్యాసెట్లు కూడా పడతాయి. వాడికి పోకెమాన్ ఎమరాల్డ్ కావాలి. 2005లో కొత్తది 35 డాలర్లు. ఇప్పుడు పెట్టె, పుస్తకం ఏమీ లేని పాత క్యాసెట్టే వంద దాటింది. ఎండాకాలం ఇండియా వెళ్ళినవాళ్ళ ఇళ్ళలో మొక్కలకి నీళ్ళు పోసి, ఉత్తరాలు తీసిపెట్టి నలభై అయిదు డాలర్లు సంపాదించుకున్నాడు. ఆన్‌లైన్‌లో ఎవరో ముప్ఫైకి అమ్ముతుంటే మాకు చూపించి కొనుక్కున్నాడు. రెండు వారాలు తిండి ధ్యాస లేకుండా ఆడాడు. ఒకరోజు పెట్టె తెరిస్తే ఏమీ లేదు. సేవ్ చేసిందంతా పోయింది. విప్పి చూస్తే లోపల బోర్డు మీద ఉండాల్సిన నింటెండో అక్షరాలు లేవు. నకిలీది. అసలుది అందని రేటుకి వెళ్ళినచోట నకిలీ పుట్టుకొస్తుంది, అది ఏ బజారుకైనా ఉన్న ధర్మమే. వాడు డబ్బు పోయినందుకు ఏడవలేదు. "అమ్మా, నా రేక్వాజా పోయింది" అని ఏడ్చాడు. రేక్వాజా అంటే వాడు వారం రోజులు తిప్పలుపడి పట్టుకున్న ఒక ఆకుపచ్చ పాము లాంటి జీవి.

ఇన్వెస్టర్ల లెక్కలో ఆ ఏడుపుకి పద్దు లేదు. పిల్లల కోసం చేసిన వస్తువు పిల్లల చేతికి అందని రేటుకి వెళ్ళిందంటే, ఆ బజారు పెరిగిందని నేను అనను, చెడిపోయిందంటాను.

ఇంత జరిగాక మా ఆయన ఏమన్నారో తెలుసా? "మనం కూడా రెండు వేల డాలర్లు పెట్టి సీలు ఆటలు కొని పడేద్దామా? వీడి కాలేజీకి పనికొస్తాయి." ఆరోజు మా ఇంట్లో కూరలో ఉప్పు కాస్త ఎక్కువే పడింది.

అక్కచెల్లెళ్ళూ, మీ ఇళ్ళలో కూడా ఈ మాట రావచ్చు. నేను చెప్పిన జవాబు మీక్కూడా చెబుతాను. బంగారం కొంటే మెళ్ళో వేసుకుంటాం. అవసరం పడితే కుదువ పెడతాం. కరిగిస్తే కూడా బంగారమే. సీలు ఆటని వేసుకోలేం, ఆడలేం, తెరిచిన మరుక్షణం దాని రేటు నేలకి దిగుతుంది. ఇంకా అమాయకత్వమేంటంటే, లోపల వస్తువు బాగుందో లేదో ఎవరికీ తెలీదు. 8 లక్షల 70 వేలకి పోయిన జెల్డా ఉంది చూశారూ, ఆ ఆట క్యాసెట్‌లో ఎక్కడిదాకా ఆడామో గుర్తుపెట్టుకోడానికి వాచీ బ్యాటరీ లాంటి బిళ్ళ ఒకటి అతికించి ఉంటుంది. సీలు తీసినా తియ్యకపోయినా అది మెల్లగా అయిపోతూనే ఉంటుంది. చూడాలంటే తెరవాలి. తెరిస్తే డబ్బు పోతుంది. మూత తియ్యని ఆవకాయ జాడీని చూసి, "అబ్బ, ఎంత బాగా కుదిరిందో" అని పదికి 9.8 వేసేవాళ్ళని మనమైతే ఏమంటాం? 2021 వేడి తర్వాత చాలా ఆటల రేట్లు దిగాయి కూడా. చివర్లో కొన్నవాళ్ళ దగ్గర జాడీ మిగిలింది.

ఇంకో వాదన ఉంది, ఇది కాస్త మర్యాదైన వాదన. "రేటు ఉంటేనే జాగ్రత్తగా ఉంచుతారు, చరిత్ర మిగులుతుంది" అని. వినడానికి బాగానే ఉంది. కానీ అమెరికాలో వచ్చిన పాత ఆటల్లో, అంటే 2010కి ముందువాటిలో, నూటికి 87 ఇవాళ బజారులో ఏ రూపంలోనూ కొనడానికి దొరకవని 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ లెక్క తేల్చింది. ఆ 87ని కాపాడుతున్నది ఈ వేలం రేట్లు కాదు. మారియోకి, జెల్డాకి కాపలా అక్కర్లేదు, అవి ఎలాగూ బతుకుతాయి. ఎవరికీ గుర్తులేని ఆటలకి కావాలి కాపలా, వాటిని వేలంలో పెట్టేవాళ్ళు లేరు. పరిశోధన చేసేవాళ్ళు లైబ్రరీ దాకా రాకుండా ఇంటి నుంచే పాత ఆటలు చూసుకోనివ్వండని లైబ్రరీల తరఫున అడిగితే, 2024 అక్టోబరులో ఇక్కడి కాపీరైట్ ఆఫీసు కుదరదంది. ఆటల కంపెనీల సంఘం దాన్ని గట్టిగా వ్యతిరేకించింది. పాత పుస్తకం కరువైతే మళ్ళీ అచ్చు వేస్తారు. పాత సినిమా టీవీలో వస్తుంది. పాత ఆటని మళ్ళీ అచ్చు వెయ్యడానికి ఏం అడ్డం? 2016లో నింటెండో చేతిలో ఇమిడే చిన్న ఎన్‌ఈఎస్ చేసి, 30 ఆటలు పెట్టి, 60 డాలర్లకి అమ్మింది. జనం ఎగబడ్డారు, దళారులు కొని రెట్టింపుకీ మూడింతలకీ అమ్మారు. అయినా 2017 ఏప్రిల్‌లో తయారీ ఆపేశారు, మళ్ళీ 2018లో గానీ తేలేదు. కరువు ఎక్కణ్ణించి పుడుతుందో అర్థమవుతోంది కదా.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పారేసింది ఎవరు?

1983లో అటారీ కంపెనీ అమ్ముడుపోని ఆటల్ని లారీల్లో తీసుకెళ్ళి న్యూ మెక్సికోలోని అలమగోర్డో ఊరి చెత్త గుంటలో పోసి కప్పెట్టింది. 2014లో తవ్వి తీశారు. బూజు పట్టిన ఆ క్యాసెట్లు కొన్ని వేలంలో మొత్తం మీద లక్ష డాలర్ల పైన తెచ్చాయి. క్రికెట్ కార్డుల్లాగా ఇక్కడ బేస్‌బాల్ కార్డులుంటాయి. 1952 నాటి సెట్టులో అమ్ముడుపోనివాటిని టాప్స్ కంపెనీవాళ్ళే పడవలో తీసుకెళ్ళి సముద్రంలో పోశారు. ఆ సెట్టులోని మిక్కీ మాంటిల్ కార్డు ఒకటి 2022లో కోటీ 26 లక్షల డాలర్లు పలికింది. నింటెండో తన పాత మిషన్లకి ఆటలమ్మే ఆన్‌లైన్ దుకాణాన్ని 2023 మార్చిలో మూసేసింది, అందులో తప్ప ఇంకెక్కడా దొరకని ఆటలు దానితోపాటే పోయాయి. వీళ్ళెవర్నీ ఎవరూ "పారేశారు" అని దెప్పరు. అది వ్యాపార నిర్ణయమట. ఇల్లు దులిపిన అమ్మది మాత్రం తెలివితక్కువతనం!

ఆ బేస్‌బాల్ కార్డుల్లోనే ఇంకో పాఠం ఉంది. 50ల నాటి కార్డులకి రేటు ఎందుకొచ్చింది? పిల్లలు సైకిలు చక్రాలకి కట్టుకుని టపటపలాడించారు, అమ్మలు చెత్తలో వేశారు, అందుకే తక్కువ మిగిలాయి. ఆ రేట్లు చూసి 80ల చివర్లో ఊరంతా కార్డులు కొని ముట్టుకోకుండా దాచారు. ఇప్పుడు అవి అటకల నిండా ఉన్నాయి, చాలావాటికి కాగితం ఖరీదు రాదు. అంటే ఏంటి? అందరమ్మలూ దాచి ఉంటే ఎవరికీ రూపాయి వచ్చేది కాదు. మీ వేలం రేటులో సగం మా చీపురు పుణ్యమే.

అయినా ఎక్కడ దాచాలి? గుంటూరులో వాళ్ళది రెండు గదుల ఇల్లు. అయిదుగురు మనుషులు, పైన అటక. ఆ అటక మీద పప్పు డబ్బాలు, పెళ్ళిళ్ళ గిన్నెలు, పరుపులు. ముప్ఫై ఏళ్ళ తర్వాత ఏ ప్లాస్టిక్‌కి ఏ రేటు వస్తుందో ఆవిడ జాతకం చూసి పెట్టాలా? పారేసేది ఎప్పుడూ ఆడవాళ్ళే ఎందుకంటే, ఇల్లు సర్దేది ఎప్పుడూ ఆడవాళ్ళే కాబట్టి. సర్దని మనిషికి పారేసిందన్న నింద రాదు. అంత విలువైనదైతే ఆ పిల్లాడు హాస్టల్‌కి వెళ్ళేటప్పుడు అట్టపెట్టెలో పెట్టి పేరు రాసి వెళ్ళొచ్చుగా?

సేకరించేవాళ్ళందరి మీదా నాకు కోపం లేదు. పాత క్యాసెట్ కొని, బ్యాటరీ మార్చి, కాంటాక్టులు తుడిచి, పిల్లల్ని కూర్చోబెట్టి ఆడించేవాళ్ళున్నారు. వాళ్ళకి దణ్ణం పెడతాను. ఆ రేట్లకి వాళ్ళు కూడా బలైనవాళ్ళే. నా తగువు ఆడనివాళ్ళతో.

మేముండే ఫ్రిస్కోలో 2016 నుంచి నేషనల్ వీడియోగేమ్ మ్యూజియం ఉంది. టికెట్టు కొనుక్కుని వెళ్తే పాత ఆటలు చేత్తో పట్టుకుని ఆడొచ్చు. 80ల నాటి ఇంటి హాలు లాగా ఒక గది కూడా అమర్చి పెట్టారు. కిందటి శనివారం అత్తగారిని తీసుకెళ్ళాం. ఒక పాత మారియో దగ్గర మా ఆయన, మా వాడు కూర్చున్నారు. నలభై దాటిన మనిషి గొయ్యి రాగానే భుజాలతో సహా ఎగురుతున్నారు. అత్తగారు వెనకే నిలబడి చాలాసేపు చూశారు. ఆ సంగీతం విని, "ఇదేగా మన ఇంట్లో ఉన్నది!" అన్నారు.

తర్వాత నాతో అన్నారు: "వేసవి సెలవుల్లో పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేచేవాడు కాదమ్మాయ్. అన్నానికి పిలిస్తే 'ఒక్క లైఫ్ అమ్మా' అనేవాడు. పళ్ళెంలో కలిపి తెచ్చి నేనే పక్కన కూర్చుని ముద్దలు పెట్టేదాన్ని. నోరు తెరిచేవాడు కానీ కళ్ళు టీవీ మీంచి తీసేవాడు కాదు. వీధిలో పిల్లలంతా మా హాల్లోనే ఉండేవాళ్ళు."

"మరి అత్తయ్యా, చీటీ డబ్బులు వసూలైనట్టేనా?" అని అడిగాను.

"ఎప్పుడో వసూలయ్యాయి. ఉల్లిపాయలు కొసరు" అన్నారు.

ఇంటికొచ్చాక మా ఆయన వాళ్ళమ్మ పక్కన కూర్చుని ఏదో మాట్లాడారు. ఏమన్నారో నేను అడగలేదు. ఆ రాత్రి మాత్రం అత్తగారు వంటింట్లోకి రాలేదు, హాయిగా పడుకున్నారు.